నాలుగు ఫంక్షన్ల వాల్వు

"ఇకమీదట ఈ ప్రాంతంలో చన్నీళ్ళన్న మాట వినపడదు!" అని మంత్రి బాలస్వామిగారు నంద్యాల బంగళా ముందు నిలబడి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. 1979 ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత ఆవిరి, అదృష్టం బాగుంటే చివర్న చెంబెడు కాగిన నీళ్ళు వస్తున్న రోజులవి. హామీ ఇచ్చే సమయానికే నెరవేరిపోయి ఉన్న పథకాన్ని అంతకుముందు ఏ మంత్రీ ప్రకటించి ఎరగడు. మర్నాడు పత్రికలవాళ్ళు కూడా ఆ సంగతి ఒప్పుకున్నారు.

బాలస్వామిగారు సామాన్యులు కారు. మంత్రివర్గంలో శాఖలు పంచిన రోజున ఆయన భోజనానికి వెళ్ళి కాస్త ఆలస్యంగా వచ్చారు. అప్పటికి శాఖలన్నీ అయిపోయాయి. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదు గనుక "ఆరోగ్యశాఖలో మిగిలిన అంశాలు" అనే శాఖను అప్పటికప్పుడు పుట్టించి ఆయనకు ఇచ్చారు. మిగిలిన అంశాలేమిటో ఎవరూ చెప్పలేదు. ఆయనే ఏడాదిపాటు వెతుక్కున్నారు. వెతగ్గా వెతగ్గా వేడినీళ్ళు దొరికాయి.

వేసవిలో కూడా స్వెట్టర్లు వేసుకునే దేశం ఒకటి, మన కాన్పుల ఆసుపత్రుల్లో వేడినీళ్ళ వసతి లేదని విని, జాలిపడి, ఉచితంగా ఒక యంత్ర సామగ్రిని పంపింది. నీళ్ళు కాచే బాయిలరు, కాగిన నీళ్ళు పోయే పైపులు, పోయే నీళ్ళను అదుపు చేసే వాల్వు. మూడూ కలిస్తే ఒక ఆసుపత్రికి సరిపోతాయి. కానీ మన రాష్ట్రానికి ప్రాంతాలు కూడా మూడే. మూడూ ఒక ప్రాంతానికే ఇస్తే మిగిలిన రెండూ ఊరుకుంటాయా? సచివాలయంలో ఆరు నెలలు తలలు బద్దలు కొట్టుకుని సమన్యాయం చేశారు. బాయిలరు కోస్తాకు, పైపులు తెలంగాణకు, వాల్వు రాయలసీమకు పోయాయి. మూడు చోట్లా నీళ్ళు కాగలేదు గనుక ఎవరికీ అన్యాయం జరగలేదు.

అలా ఆ వాల్వు ఆళ్ళగడ్డ ఊరి చివరున్న మాతృసౌఖ్య కాన్పుల ఆసుపత్రికి చేరింది. ఆరు మంచాలు, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక స్టోరు గది. వెనకవైపు రేకుల కొట్టంలో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసి పట్టిన పెద్ద రాగి కాగు, ఆ కాగు పక్కన దానమ్మ.

దానమ్మ ఇరవై నాలుగేళ్ళుగా అక్కడ నీళ్ళు కాస్తోంది. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ పొయ్యి. కంపకట్టె తనే కొట్టుకొచ్చి, తనే ఊది, తనే మోస్తుంది. పుట్టిన బిడ్డ ఒళ్ళు కడగడానికి నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో ఆమె కుడి మోచేతికి తెలుసు. బకెట్లో మోచెయ్యి ముంచి, ఒక్క క్షణం ఉంచి, "ఊ" అంటే ఆ నీళ్ళు బిడ్డకు సరిపోయినట్టు లెక్క. ఆ "ఊ" అనిపించుకుని ఆ తాలూకాలో ఎంతోమంది పెరిగి పెద్దయ్యారు. కొందరు ఉద్యోగాల్లో పర్మినెంటు కూడా అయ్యారు. దానమ్మ మాత్రం ఇంకా టెంపరరీ.

పర్మినెంటు చేయమని ఆమె పదకొండు అర్జీలు పెట్టుకుంది. పదకొండూ కొర్రీలతో తిరిగొచ్చాయి. చివరిదాని మీద ఒక అధికారి ఎంతో శ్రద్ధగా ఇలా రాశాడు: "కాచిన నీళ్ళు కొంతసేపటికి చల్లారిపోవుచున్నవి. కావున ఇది శాశ్వత స్వభావము గల పని కాదు." వేరొకరైతే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేవారు. దానమ్మ మడిచి బైబిల్లో పెట్టుకుంది.

వాల్వు పెట్టె విప్పిన రోజున అందరూ చుట్టూ మూగారు. రెండు పిడికిళ్ళంత ఇత్తడి వస్తువు. మూడు మూతులు. నెత్తిన తెల్లటి మర. మర మీద ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు, వాటి పక్కన ఆరు కొమ్మల చుక్క గుర్తు. ఆ చుక్కను చూసి దానమ్మ చేతులు జోడించింది. క్రిస్మసుకు చర్చి మీద కట్టే నక్షత్రం లాగానే ఉంది మరి.

డాక్టరు కరుణాకర్ కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, కానీ ఆర్డరు కాగితాన్ని చూస్తే గొంతు తగ్గిపోతుంది. ఆ గొంతుతోనే చెప్పాడు.

"దానమ్మా, ఈ వాల్వు పని మొదలుపెట్టాక నీళ్ళు కాచే మనిషి అవసరం లేదని ఆర్డర్లో రాశారు."

దానమ్మ వాల్వు వైపు చూసింది. "ఇది నీళ్ళు కాస్తాదా సార్?"

"కాయదు. కాగిన నీళ్ళను కంట్రోలు చేస్తుంది."

"మరి కాసేదెవురు?"

"బాయిలరు."

"అది యాడుంది?"

"కోస్తాలో."

దానమ్మ తూర్పు దిక్కుకు చూసింది. "అంత దూరం నుంచి వొచ్చేసరికి సల్లారిపోవా సార్?"

డాక్టరు పెట్టెలో ఇంకేమైనా ఉందేమోనని వెతకసాగాడు. అడుగున ఒక పుస్తకం దొరికింది. అట్ట మీద పెద్ద అక్షరాలతో "మల్టీ ఫంక్షనల్ కంట్రోల్ వాల్వ్" అనీ, కింద "ఒకే వాల్వు, నాలుగు ఫంక్షన్లు" అనీ ఇంగ్లీషులో ఉంది. నీళ్ళను ఆపడం ఒకటి. వేడీ చల్లా కలపడం రెండు. ఒళ్ళు కాలకుండా ఒకే వెచ్చదనం నిలపడం మూడు. గడ్డకట్టే చలిలో కూడా నీళ్ళు మంచు కాకుండా కాపాడటం నాలుగు. ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు నంద్యాలకు బస్సెక్కాడు.

మంత్రిగారు బంగళాలో అట్ట మీది మాటలు చదివి ముచ్చటపడ్డారు.

"నాలుగు ఫంక్షన్లా! మనోళ్ళు దేనికైనా ఓపెనింగు ఫంక్షను ఒకటి చేసి చేతులు దులుపుకుంటారు. ఆ దేశమోల్లు సూడు, ఒక్క వాల్వుకు నాలుగు పెట్టినారు. దాన్నంటారు అభివృద్ధని."

"సార్, ఇక్కడ ఫంక్షన్ అంటే పని అని అర్థం," అన్నాడు డాక్టరు.

మంత్రిగారు అతన్ని తేరిపార చూశారు. "ఫంక్షనంటే పనని నాకు చెప్తాండావా డాక్టరూ? పొద్దున లేసినప్పటి నుంచి నేను చేసే పని ఇంగేంది?"

డాక్టరు పుస్తకంలో ఫంక్షన్ల పేజీ తీసి ముందు పెట్టాడు.

"నాలుగూ జరగాల్సిందే," అన్నారు మంత్రిగారు. "వారానికొకటి. షామియానా, మైకు, పూలదండలు. నాలుగోది అయిపోతానే, నీళ్ళు కాసే పోస్టు ఎత్తేసినామని స్టేజీ మీదనే చెప్తా. పొదుపు చేసినట్టూ ఉంటాది." అంటూ పుస్తకంలోని బొమ్మ మీద వేలు పెట్టారు. "ఈ చుక్క గుర్తు ఏ పార్టీదప్పా?"

"పార్టీది కాదు సార్. మంచు గుర్తు."

"మంచైనా సరే. ఎలక్షన్లు ఎప్పుడొస్తాయో తెల్దు. కాగితం అంటించు."

అలా దానమ్మ బతుకు నాలుగు ఫంక్షన్లకు కుదించుకుపోయింది.

వాల్వు బిగించడానికి నంద్యాల నుంచి ఫిట్టరు బుడేన్ వచ్చాడు. నూలు మిల్లుల్లో, జిన్నింగు ఫ్యాక్టరీల్లో పైపులు బిగించి చెయ్యి తిరిగినవాడు. మూడు మూతుల్లోకీ కన్ను పెట్టి చూసి, దాన్ని బల్ల మీద పెట్టాడు.

"తాళం బాగుండాది సార్. ఇల్లు యాడ?"

డాక్టరు గోడ చూపించాడు. గోడకు ఇవతల వసారా, అక్కడ జనం ఉంటారు. గోడకు అవతల దానమ్మ కొట్టం. గోడకు కన్నం వేసి, బుడేన్ తెచ్చిన పైపు ముక్క దూర్చి, వసారా వైపు వాల్వు బిగించాలి. అవతల ఇటుకల దిమ్మె మీద రెండు డ్రమ్ములు పెట్టాలి, ఒకటి వేడికి, ఒకటి చల్లకు. దానమ్మ కాగులో కాచి డ్రమ్ములో పోస్తుంది. ఇవతల వాల్వు పని చేస్తుంది.

బుడేన్ తల గోక్కున్నాడు. "అంటే పని చేసేది దానక్క గదా సార్?"

"అవతల దానమ్మ, ఇవతల వాల్వు. జనం ఇవతల ఉంటారు."

దానమ్మ అప్పటిదాకా గడప దగ్గర నిలబడి అంతా వింటోంది. మనసులో లెక్క వేసుకుంది. తను బాగా కాస్తే వాల్వు పని చేసినట్టు. వాల్వు పని చేస్తే తన పని పోయినట్టు. బాగా కాయకపోతే నాలుగు వారాలు కూడా ఆగకుండా రేపే పోయినట్టు.

"నా పని దీసేసే మిషనుకు నేనే నీళ్ళు కాయాల్నా సార్?"

"టెంపరరీగానే దానమ్మా," అన్నాడు డాక్టరు. "ఫంక్షన్లు బాగా జరిగితే నీ పన్నెండో అర్జీ నేనే దగ్గరుండి రాస్తాను."

టెంపరరీ అనే మాట ఆమెకు కొత్తది కాదు. కట్టెలు కొట్టుకురావడానికి వెళ్ళిపోయింది.

మొదటి ఫంక్షను నీళ్ళను ఆపడం. షామియానా కింద నాలుగు వందలమంది కూర్చున్నారు. నాదస్వరం ఆగింది. మంత్రిగారు మరను కుడికి తిప్పి పక్కకు జరిగారు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వాల్వులోంచి చుక్క నీరు రాలేదు.

"చూశారా!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఒక్క చుక్క! ఒక్క చుక్క కూడా రాలేదు!"

చప్పట్లు మారుమోగాయి. సంజామల నుంచి వచ్చిన ఒక ముసలాయన లేచి, "మా ఊళ్ళో ఏ వాల్వూ ల్యాకనే రాకుండా ఉండాయి గదప్పా!" అని అరిచాడు.

మంత్రిగారు ఏమీ నొచ్చుకోలేదు. "పెద్దాయనా, మీ ఊళ్ళో ఊరికే రావడంల్యా. ఈడ అదుపులో పెట్టి రానీయడంల్యా. తేడా ఉండాది," అన్నారు. ముసలాయన ఒప్పుకుని కూర్చున్నాడు.

రెండో ఫంక్షను వేడీ చల్లా కలపడం. ఆ రోజు ఎండ ఎంత దారుణంగా ఉందంటే, పేరుకు చన్నీళ్ళ డ్రమ్మయినది ఎండలో ఉండి ఉండి, వేడినీళ్ళ డ్రమ్మును మించిపోయింది. దానమ్మ పొయ్యి వెలిగించనే లేదు. రెండు వేళ్ళ మందాన రెండు వేడి ధారలు వచ్చి వాల్వులో కలిసి ఒకే వేడి ధారగా బయటపడ్డాయి. మంత్రిగారు మూడుసార్లు మర తిప్పి, ఎటు తిప్పినా తేడా రాకపోవడం యంత్రం నాణ్యతకు నిదర్శనమన్నారు. పత్రికల్లో "కట్టెల ఆదా" అని వచ్చింది.

మూడోది మాత్రం అంత తేలిక కాదు. ఒకే వెచ్చదనం నిలపాలి. పుస్తకం ప్రకారం మరను మూడో అంకె మీద పెడితే నీళ్ళు పుట్టిన బిడ్డ ఒంటికి సరిపోయేట్టు రావాలి. మంత్రిగారు తన చేతిని పెడతానని ముందే పత్రికలవాళ్ళకు చెప్పేశారు. డాక్టరు థర్మామీటరు తెచ్చాడు. బుడేన్ రహస్యంగా దానమ్మకు ఒక గుర్తు చెప్పాడు: స్పానరుతో పైపు మీద రెండు దెబ్బలు కొడితే డ్రమ్ములో పోయాలి.

"అక్కా, ఎక్కువ కాగితే సారు చెయ్యి బొబ్బలెక్కుతాది. తక్కువైతే మన బతుకులు బొబ్బలెక్కుతాయి."

దానమ్మ కాగు దింపింది. తొట్టిలోని నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ మోచెయ్యి ముంచింది. ఇంకాస్త కలిపింది. మళ్ళీ ముంచింది. కుట్ర చేయాలనుకుంటే అదే సమయం. ఒక్క చెంబు వేడినీళ్ళు ఎక్కువ పోస్తే చాలు, మంత్రిగారి చెయ్యి కాలి వాల్వును ఊడపీకి పారేస్తారు. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది, నిలిచింది, చెంబు కూడా చేతిలోకి వచ్చింది. కానీ మోచెయ్యి నీళ్ళలో ఉన్నప్పుడు ఆమెకు తెలిసింది ఒకే ఒక్క పని. "ఊ" అంది. పైపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. పోసింది.

వసారాలో వాల్వులోంచి నీళ్ళు పడే చప్పుడు వినపడింది. తర్వాత డాక్టరు గొంతు, "ముప్పై ఎనిమిది డిగ్రీలు! సరిగ్గా!" అని. ఆ తర్వాత మంత్రిగారి గొంతు.

"సోదర సోదరీమణులారా! పుట్టిన బిడ్డ ఒంటికి ఎంత వేడి కావాలో ఈ యంత్రానికి తెలుసు! తల్లికి కూడా తెలియని సంగతి ఈ ఇత్తడి ముక్కకు తెలుసు!"

చప్పట్లు గోడను దాటి కొట్టంలోకి వచ్చాయి. ఇరవై నాలుగేళ్ళలో ఆ కొట్టంలో చప్పట్లు వినపడటం అదే మొదలు. దానమ్మకు చప్పున సంతోషం కలిగింది. తర్వాత ఆ చప్పట్లు ఎవరివో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పొగ కళ్ళలో పడిందనుకున్నాడు, అప్పుడే కొట్టంలోకి తొంగిచూసిన బుడేన్.

ఇక నాలుగో ఫంక్షను, మంచు నుంచి రక్షణ. మే నెల రెండో వారం. ఆళ్ళగడ్డ చరిత్రలో మంచు ముప్పు వచ్చిన దాఖలాలు లేవు.

"లేకపోతే తెప్పిద్దాం," అన్నారు మంత్రిగారు. "ముప్పు ల్యాకపోతే రక్షణ ఎట్ల ఇస్తాం?"

నంద్యాల ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టి, గోనెలు కప్పి, ఆరు పెద్ద దిమ్మెలు లారీలో బయల్దేరాయి. పాతిక మైళ్ళు వచ్చేసరికి రెండు మిగిలాయి. ఆ రెండింటినీ పగలగొట్టి, వాల్వు చుట్టూ కాస్త పేర్చి, మిగిలినదంతా అవతల డ్రమ్ములో నీళ్ళలోకి దింపారు. లెక్క చాలా సులువు. జనం ముందు ఐసు, లోపల ఐసు, అంతా గడ్డకట్టే చలి. మంత్రిగారు మరను కాగితం అంటించిన చుక్క గుర్తు మీదికి తిప్పుతారు. బుడేన్ పైపు మీద రెండు దెబ్బలు వేస్తాడు. దానమ్మ మరిగే నీళ్ళు కాగెడు డ్రమ్ములోకి ఎత్తి పోస్తుంది. మంచును జయించి వేడినీళ్ళు బయటికొస్తాయి. ఆ వెంటనే మంత్రిగారు దానమ్మ పోస్టు రద్దు చేస్తారు.

దానమ్మ తెల్లవారినప్పటి నుంచి పొయ్యి ఆరనివ్వలేదు. కాగు నిండా నీళ్ళు తెర్లుతున్నాయి. అవే తన చివరి నీళ్ళని ఆమెకు తెలుసు. కాబట్టి బాగా కాచింది.

వసారాలో ఉపన్యాసం మొదలైంది. అప్పుడే నర్సు కమలాక్షమ్మ కొట్టంలోకి పరుగెత్తుకొచ్చింది.

"దానమ్మా, మాబున్నీకి నొప్పులు ముదిరినాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుండాది. డాక్టరు సారును మంత్రి పక్క నుంచి కదలనీడంల్యా. వేన్నీళ్ళు కావాల, బిరీన!"

మాబున్నీ గాజుల మలారం మోసుకుని ఊరూరా అమ్మే హుస్సేన్ వలి పెళ్ళాం. మూడు కాన్పులు పోయి నాలుగోది. పొద్దున చేర్చినప్పుడు దానమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇవి డ్రమ్ములో పోసేటివమ్మా," అంది దానమ్మ. అంటూనే కాగు వైపు చూసింది. రెండో కాగు లేదు. ఇంకో కాగు నీళ్ళు మరగాలంటే అరగంట పడుతుంది. డ్రమ్ములో ఐసు తేలుతోంది.

"డ్రమ్ము కంటాదా దానమ్మా?" అంది కమలాక్షమ్మ.

దానమ్మ మసిగుడ్డ తీసుకుని కాగు అంచులు పట్టుకుంది. కమలాక్షమ్మ ఇంకోవైపు పట్టింది. ఇద్దరూ కలిసి కాగును లోపలికి మోసుకుపోయారు. వెనక పైపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. కాసేపటికి మళ్ళీ రెండు. ఆ తర్వాత బుడేన్ వరసగా కొడుతూనే ఉన్నాడు. కాన్పు గదిలో ఆ చప్పుడు ఎవరూ వినలేదు.

వసారాలో మంత్రిగారు మర తిప్పారు. వాల్వు ఒకసారి గురక పెట్టి, ధార వదిలింది. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. మంత్రిగారు ఠీవిగా చెయ్యి పెట్టారు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

జివ్వుమనే చన్నీళ్ళు. ఐసు నీళ్ళు.

ముందు వరసలో ఉన్న సంజామల ముసలాయన లేచొచ్చి, మంత్రిగారి పక్కనే దోసిలి పట్టి, ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ! సల్లగుండాయప్పా!"

అంతే, షామియానా కింద ఒక్కరు మిగల్లేదు. నాదస్వరం వాయించేవాళ్ళు వచ్చారు. పత్రికలవాళ్ళు వచ్చారు. దోసిళ్ళు, చెంబులు, టోపీలు పట్టారు. ఒకడు తాగి, వెనక్కెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. "మంత్రిగారికీ జై!" అన్నారు. ఆ జై కిరాయిది కాదు. బాలస్వామిగారి ఇరవయ్యేళ్ళ రాజకీయ జీవితంలో తెప్పించుకోకుండా వచ్చిన మొదటి జై. ఆయన కళ్ళు చెమర్చాయి. మైకు అందుకున్నారు.

"ఇకమీదట ఈ ప్రాంతంలో వేడినీళ్ళన్న మాట వినపడదు!"

అప్పుడే లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. శుభసూచకమని మంత్రిగారు దాన్ని కూడా ఉపన్యాసంలో కలిపేసుకున్నారు. చివర్న కాగితం చూసి నీళ్ళు కాచే పోస్టు రద్దు చేశారు. వేడినీళ్ళే లేనప్పుడు కాచే మనిషి ఎందుకని అడిగారు. జనం దానికీ చప్పట్లు కొట్టారు. దానమ్మ ఆ సమయానికి లోపల మోచెయ్యి నీళ్ళలో పెట్టి ఉంది. వినలేదు. సాయంత్రం బుడేన్ వచ్చి చెప్పాడు.

మర్నాటి నుంచి ఆమె పనిలో లేదు. అయినా వచ్చి నీళ్ళు కాచింది. పోస్టు పోయిన సంగతి కాన్పులకు ఎవరూ చెప్పలేదు, అవి వస్తూనే ఉన్నాయి.

మూడో రోజున మంత్రిగారి పేషీ నుంచి కాగితం వచ్చింది. అంత గొప్ప వాల్వు ఆళ్ళగడ్డలో మరుగున పడి ఉండటం భావ్యం కాదు. వచ్చే పోయే పెద్దలు బస చేసే నంద్యాల బంగళాలో ఉండాలి. చలికాలం వేడిగా, ఎండాకాలం చల్లగా నీళ్ళివ్వాలి. వాల్వును, అది పని చేయడానికి కావలసిన సమస్త విడిభాగాలతో సహా పంపండి. ఏ ఒక్క భాగం తగ్గినా డాక్టరుదే బాధ్యత.

ఆఖరి వాక్యం చదివి డాక్టరు చెమట తుడుచుకున్నాడు. "బుడేన్, ఏది లేకపోతే అది పని చేయదో, అన్నీ రాయి. ఏదీ వదలొద్దు."

బుడేన్ ఏదీ వదల్లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు:

ఒకటి, పైపు.
రెండు, డ్రమ్ములు రెండు.
మూడు, రాగి కాగు.
నాలుగు, దానమ్మ, కుడి మోచేతితో సహా.

ఆ జాబితా టైపయింది. ఆళ్ళగడ్డ నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. దానమ్మ పదకొండు అర్జీలనూ పరమ శ్రద్ధగా చదివి కొర్రీలు వేసిన బల్లల మీదుగానే పోయింది. కానీ ఇది మనిషి అర్జీ కాదు, విడిభాగాల జాబితా. అందుకని ఎవరూ చదవలేదు. ఆరు సంతకాలతో తొమ్మిదో రోజున తిరిగొచ్చింది. కింద ఎర్ర సిరాతో "పై నాలుగు అంశములు పర్మినెంటు. ప్రతి అంశముపై నంబరు వేయవలెను" అని ఉంది.

డాక్టరు ఆ కాగితం పట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. రెండుసార్లు చదివాడు. "దానమ్మా, నువ్వు పర్మినెంటు," అన్నాడు.

దానమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మాట వింటే ఏం చేయాలో అనుకుంటూ వచ్చింది. చర్చిలో కొబ్బరికాయంత కొవ్వొత్తి వెలిగించాలనుకుంది. "ప్రభువా," అంది. కాగు వైపు తిరిగి, "మరి ఈడ కాన్పులకు నీళ్ళెవురు కాస్తారు సార్?" అంది.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అంది కమలాక్షమ్మ తలుపు దగ్గర్నుంచి. "కాగు కూడా పోతాంది గదా."

డాక్టరు ఆర్డరు తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. "ఇక్కడ వేడినీళ్ళ పథకం విజయవంతంగా పూర్తయిపోయింది సిస్టర్. నాలుగు ఫంక్షన్లూ జరిగాయి. పూర్తయిన పథకానికి మళ్ళీ నీళ్ళు అడగటానికి రూల్సు లేవు."

కమలాక్షమ్మ లోపలికి పోయింది. దానమ్మ కాగులో మిగిలిన నీళ్ళను బకెట్లోకి వంచి, మోచెయ్యి పెట్టి చూసి, కాన్పు గది గడప దగ్గర పెట్టి వచ్చింది.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ఆసుపత్రి స్టోరు కీపరు అబ్రహాము తెల్లరంగు డబ్బా, సన్న కుంచె పట్టుకుని స్టోరు గదిలోంచి వచ్చాడు. రూల్సు మనిషి. పైపు మీద "మి.అం./వా/1" అని, అంటే మిగిలిన అంశాలు, వాల్వు, ఒకటి అని రాశాడు. డ్రమ్ముల మీద రెండు, కాగు మీద మసి గీకి మూడు వేశాడు. తర్వాత కాగితం చూసుకుని దానమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. కుంచె రంగులో ముంచాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇద్దరూ ఒకే చర్చికి పోతారు.

"ఏమనుకోవాకు దానమ్మా. నంబరు ల్యాకపోతే ఆడ దించుకోరంట."

దానమ్మ రవిక చేతి అంచు పైకి మడిచి, కుడి మోచెయ్యి ముందుకు చాపింది.

"నీళ్ళకు పోయే రంగు ఏయద్దప్పా," అంది. "పర్మినెంటు గదా."